అప్పటి కాలాలు, ఇప్పటి కాలాలు: తేడా ఎక్కడుంది?

"ఇప్పుడు కాలాలు కాలాల్లా లేవండీ" అనే మాట వినపడని ఇల్లు ఉండదు. విచిత్రం ఏమిటంటే, ఈ మాట ఎనభై ఏళ్ళ తాతగారూ అంటారు, ముప్పై అయిదేళ్ళ మనవడూ అంటాడు. తాతగారి లెక్కలో అసలైన వానాకాలాలు 1950ల్లో ఉండేవి. మనవడి లెక్కలో 1990ల్లో. తాతగారి మాటే నిజమైతే, మనవడు తలుచుకుని మురిసిపోయే ఆ ముసుర్లు అప్పటికే పాడైపోయిన ముసుర్లు కావాలి. ఇద్దరూ ఒకేసారి ఒప్పు కాలేరు. అలాగని ఇద్దరూ ఉత్తినే అంటున్నారనీ చెప్పలేం.

డేనియల్ పాలీ అనే మత్స్య శాస్త్రవేత్త 1995లో ఇలాంటి సంగతే గమనించారు. సముద్రంలో చేపలు ఎన్ని ఉండాలి అనేదానికి ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము ఉద్యోగంలో చేరిన రోజుల్లోని పరిస్థితినే మామూలు కింద లెక్కేసుకుంటున్నారట. అంతకు ముందు తరం చూసిన తరుగు ఎవరి లెక్కలోకీ రావడం లేదు. కాలాల విషయంలో మనం చేసేదీ అదే. మన చిన్నతనమే మన కొలబద్ద.

ఈ ఫిర్యాదులో నిజానికి చాలా సంగతులు కలగలిసి ఉన్నాయి. క్యాలెండర్ గోల ఒకటి, నిజంగా మారిన వాతావరణం ఒకటి, మన ఒంటి అలవాట్లు, జ్ఞాపకం పనిచేసే తీరు. వీటన్నిటి కింద ఎవరూ పెద్దగా మాట్లాడని ఇంకో విషయం ఉంది: చిన్నప్పుడు మనం అనుభవించిన కాలాలను మన కోసం ఎవరో తయారుచేసి పెట్టేవారు.

ముందు క్యాలెండర్ సంగతి

బడిలో ఆరు ఋతువులు బట్టీ పట్టాం. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, శ్రావణ భాద్రపదాలు వర్షం, ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు, మార్గశిర పుష్యాలు హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. చెప్పడానికి బాగుంటుంది. తీరా రెంటచింతలలోనో రామగుండంలోనో ఏప్రిల్ నెలాఖరున బయటికొచ్చి నిలబడితే, "ఇది వసంత ఋతువు" అన్న వాళ్ళ మీద కోపం వస్తుంది. గ్రీష్మంలోని ఆషాఢంలో అప్పటికే నాట్ల కోసం మడి దున్నుతుంటారు. మంచు కురిసి ఆకు రాలి మళ్ళీ చిగురించే ఉత్తరాది నేలకు ఈ ఆరు కాస్త బాగా అతుకుతాయేమో గానీ, మన ఒంటికి తెలిసినవి ఎప్పుడూ మూడే: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. చలికాలం కూడా ఆదిలాబాద్‌కో లంబసింగికో ఉన్నంత గట్టిగా నెల్లూరికి లేదు.

పైగా చాంద్రమాన సంవత్సరం 354 రోజులే. సూర్యుడి లెక్క కంటే పదకొండు రోజులు తక్కువ. ఆ తేడా పేరుకుపోకుండా రెండున్నర మూడేళ్ళకోసారి అధికమాసం వేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది గుర్తుందా, ఆ ఏడు వినాయక చవితి సెప్టెంబర్ మూడో వారానికి జరిగింది. "ఈసారి పండగ ముందొచ్చింది, వానలు వెనకబడ్డాయి" అని మనం అనుకునే చాలాసార్లు వానలు తమ తేదీకే వస్తాయి. జరిగేది పండగ.

రైతులు ఈ చిక్కులో పడలేదు. వాళ్ళు నెలల్ని పక్కన పెట్టి కార్తెలు పట్టుకున్నారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఇరవై ఏడు నక్షత్రాలకు ఇరవై ఏడు కార్తెలు, ఏడాది సరిగ్గా నిండుతుంది. ఇది సూర్యుడి లెక్క కాబట్టి తేదీలు దాదాపు కదలవు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22కి ఆరుద్ర. నా దృష్టిలో మన నేలకు సరిపోయిన అసలైన ఋతువుల పట్టిక ఇదే. బడి పుస్తకాల్లో దీనికి ఒక్క పేజీ కూడా దక్కకపోవడం అన్యాయం.

కార్తెల సామెతలు చూడండి, ఎంత నిక్కచ్చిగా ఉంటాయో. రోహిణిలో రోళ్ళు పగులుతాయి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు. ఉత్తర చూసి ఎత్తర గంప. ఈ చివరిది సెప్టెంబర్ మధ్యలో వచ్చే ఉత్తర కార్తె గురించి. అప్పటికీ వాన పడకపోతే ఇక ఆశ లేదు, గంప నెత్తిన పెట్టుకుని పొట్ట చేత పట్టుకుని వలస పోవాల్సిందేనని. కాలాలను ఆస్వాదించడం గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ సామెతను మర్చిపోకూడదు, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

రోళ్ళు పగిలే ఎండ మేలోనే ఎందుకు? సూర్యుడు బాగా ఉత్తరానికి వచ్చేది జూన్ 21న కదా, అప్పుడు కదా మండాలి? మన అక్షాంశం దగ్గర సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆ రోజు మిట్టమధ్యాహ్నం నిటారుగా పాతిన గుంజకు నీడ పడదు. అదే సూర్యుడు, అదే ఎత్తు. కానీ ఆగస్టులో మనకు చెమటే తప్ప మంట ఉండదు. పైన మబ్బు, కింద తడి నేల. మేలో నేలలో ఆవిరి కావడానికి నీటి చుక్క మిగిలి ఉండదు కాబట్టి వచ్చిన వేడంతా గాలిని కాల్చడానికే పోతుంది. నెల రోజులు అలా పేరుకున్న వేడే రోహిణి.

కార్తెలు కూడా శాశ్వతం కాదు. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్కకూ ఋతువుల లెక్కకూ సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. మకర సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అంటాం గానీ సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. ఆ ఇరవై నాలుగు రోజుల ఎడం సుమారు 1,700 ఏళ్ళలో పేరుకున్నదే. ఒక మనిషి జీవితంలో ఇది ఒక్క రోజు, కాబట్టి తాతగారి ఫిర్యాదుకు దీన్ని సాక్ష్యంగా తేలేం.

ఇంకో సంగతి, "మన కాలాలు" అంటూ అందరికీ ఒకటే లేవు. తెలంగాణకూ ఉత్తర కోస్తాకూ వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబర్ వరకు వచ్చే నైరుతి. నెల్లూరు పిల్లవాడికి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య ఈశాన్య గాలులతో వస్తుంది, ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే. దీపావళి టపాకాయలు తడవడం వాళ్ళకు చిన్ననాటి మామూలు సంగతి. దివిసీమలో 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన చూసిన వాళ్ళకు కార్తీకం అంటే వనభోజనాలొక్కటే గుర్తుకు రావు.

చేతికి తగిలిన కాలం

ఇక పిల్లల సంగతి. పిల్లలు కాలాన్ని డిగ్రీల్లో కొలవరు. ఇప్పుడు ఏది దొరుకుతుంది, ఏ ఆట ఆడొచ్చు, ఎక్కడికి పోనిస్తారు, ఇదే వాళ్ళ వాతావరణ శాఖ.

తాటిచెట్టు ఒక్కదాన్నే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ముంజలు. కత్తితో పైన చెక్కి ఇస్తే బొటనవేలితో లోపలికి పొడిచి జుర్రుకోవాలి. నీళ్ళు మోచేతి దాకా కారి చొక్కా మీద పడితే ఆ మరక ఉతికినా పోదు. తిన్నాక ఆ ఖాళీ కాయల్లోంచి సమానంగా ఉన్న రెండు ఏరుకుని, మధ్యలో పుల్ల గుచ్చితే ఇరుసు. దాన్ని పంగల కర్రతో నెట్టుకుంటూ పోతే బండి. కాయలు ఎండి వంకరపోయే దాకా రెండు మూడు రోజులు నడుస్తుంది. ఎవరూ కొనివ్వక్కర్లేదు, పోతే ఏడవక్కర్లేదు, మళ్ళీ ముంజలు తింటే మళ్ళీ బండి.

చెట్టు మీద మిగిలిన కాయలు శ్రావణ భాద్రపదాల్లో పండి రాలతాయి. రాత్రి పూట పండు పడిన చప్పుడు వింటే తెల్లవారగానే పరుగు. కాల్చిన తాటిపండు పీచు పళ్ళ మధ్య ఇరుక్కుని సాయంత్రం దాకా వదలదు. ఆ టెంకలను పారెయ్యరు, వదులుగా ఉన్న ఇసుక మట్టిలో పాతర వేస్తారు. మొలక కిందికి దిగి, గట్టిపడి, కార్తీకం దాటి సంక్రాంతికి వచ్చేసరికి తేగలవుతాయి. తవ్వి తీసి, కుండలో కాల్చి, నిలువుగా చీలిస్తే మధ్యలో లేత మొలక కనిపిస్తుంది, దాన్నే చందమామ అంటారు. దాని కోసం అన్నదమ్ములు కొట్టుకునేవారు. టెంక పగలగొడితే లోపల తెల్లగా, దూదిలాగా, తియ్యగా బుర్రగుంజు.

అంటే ఒకే చెట్టు ఎండాకాలంలో ఒకటి, వానల్లో ఒకటి, చలిలో ఒకటి చేతిలో పెట్టేది. మూడు కాలాలకు మూడు రుచులు, మూడు పనులు. ఒకటి దొరికేటప్పుడు ఇంకొకటి దొరకదు, ఎంత ఏడ్చినా దొరకదు. కాలం అనేది ఒకటుందని పిల్లవాడికి తెలిసేది ఈ దొరక్కపోవడం వల్లే. ఫ్రిజ్‌లో ఏడాది పొడుగునా మామిడి రసం డబ్బా ఉన్న ఇంట్లో బంగినపల్లి మొదటి పండుకు ఆ విలువ రమ్మంటే ఎక్కడినుంచి వస్తుంది?

ఆరుద్ర పురుగులూ అంతే. తొలకరి పడ్డ మర్నాడు పొద్దున ఇసుక నేలల మీద ఎర్ర మఖమల్ ముక్కల్లా పాకుతూ కనిపించేవి. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని ఉండలా మారిపోయేవి. అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచుకోని పల్లెటూరి పిల్లలు తక్కువ. అవి నిజానికి పురుగులు కావు, సాలీడు జాతికి దగ్గరివి, ఇంగ్లీషులో మైట్స్ అంటారు. ఏడాదిలో ఎక్కువ భాగం నేల లోపలే ఉండి, తొలి వానలకు కొద్ది గంటలు పైకి వస్తాయి. అదే తడికి చెదలకు రెక్కలొచ్చి ఉసుళ్ళు లేస్తాయి. సాయంత్రం దీపం చుట్టూ మూగే ఆ ఉసుళ్ళ జాతే ఈ ఎర్రపురుగులకు ఆహారం. మనం దీపం ఆర్పి పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని కూర్చున్న రాత్రికీ, అగ్గిపెట్టెలోని ఎర్ర పురుగుకూ లంకె అక్కడుంది. ఇప్పుడు నేలంతా సిమెంటు చేసుకుని, పొలాల్లో మందులు కొట్టుకుని, "ఆరుద్ర పురుగులు కనిపించట్లేదేమిటి" అని అడగడం మనకే చెల్లింది.

బతుకమ్మ పూలకు పోవడమూ ఇలాంటిదే. గునుగు, తంగేడు, కట్ల పూలు వానలు తగ్గుముఖం పట్టేసరికి చేల గట్ల మీద విరగబూస్తాయి. పండగ తిథి తెలియని పిల్లకు కూడా గునుగు తెల్లబడటం చూస్తే ఎంగిలిపూల నాడు దగ్గర పడ్డట్టు తెలిసిపోయేది.

వాసన ఎందుకు వదలదు

తొలకరి మట్టి వాసన గురించి అందరూ కవిత్వం చెబుతారు, అది ఎందుకు వస్తుందో మాత్రం తక్కువ మంది చెబుతారు. ఎండిన మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. దానికి తోడు ఎండు రోజుల్లో మొక్కల నూనెలు రాళ్ళలో, మట్టిలో ఇంకిపోయి ఉంటాయి. ఈ వాసన మీద మొదట గట్టిగా పనిచేసి, 1964లో దానికి పెట్రికోర్ అని పేరు పెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్. జియోస్మిన్ లక్ష కోట్ల భాగాల్లో అయిదారు భాగాలున్నా మన ముక్కు పట్టేస్తుంది.

2015లో ఎంఐటీ పరిశోధకులు హై స్పీడ్ కెమెరాలతో చూస్తే ఇంకో సంగతి బయటపడింది. చినుకు పొడి నేల మీద పడ్డప్పుడు కింద గాలి బుడగలు చిక్కుకుని, పైకి లేచి, చిట్లి, సన్నటి తుంపరను గాల్లోకి చిమ్ముతాయి. వాసన ఆ తుంపర మీద ఎక్కి వస్తుంది. చిన్న చినుకులకు ఇది బాగా జరుగుతుంది, కుండపోతకు తక్కువ. ఎండలన్నీ భరించాక వచ్చే మొదటి జల్లుకే ఆ వాసన ఎందుకు, శ్రావణంలో ముసురు పట్టినప్పుడు ఎందుకు ఉండదు అన్నదానికి ఇదీ సమాధానం.

చూపు, వినికిడి మెదడులో ఒక మజిలీ దాటి వెళ్తే, వాసన మాత్రం జ్ఞాపకాలకూ భావోద్వేగాలకూ సంబంధించిన భాగాల దగ్గరికి దాదాపు నేరుగా చేరుతుంది. స్వీడన్‌లో వృద్ధుల మీద జరిగి 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో, మాటలు చూపించి, బొమ్మలు చూపించి అడిగితే వాళ్ళకు ఎక్కువగా పదేళ్ళు దాటాక, ఇరవై లోపల జరిగినవి గుర్తొచ్చాయి. వాసన చూపించి అడిగితే మాత్రం పదేళ్ళ లోపువి గుర్తొచ్చాయి. కాలాలు మనకు ఎక్కువగా ముక్కుతోనే అందుతాయి కదా. మట్టి, మామిడి పూత, భోగి మంట పొగ, ఆవకాయ కలిపిన రోజు ఇల్లంతా కమ్ముకునే ఆవ ఘాటు, కొత్త బియ్యం. అందుకే చినుకు పడగానే యాభై ఏళ్ళ మనిషికి గత ఏడాది వాన గుర్తు రాదు. ఆరేళ్ళప్పటిది గుర్తొస్తుంది. పోలిక అక్కడే మొదలవుతుంది, ఇప్పటి వాన అక్కడే ఓడిపోతుంది.

పొట్టి ఏళ్ళు

పెద్దయ్యాక ఎండాకాలం వచ్చిందో లేదో సంక్రాంతి వచ్చేస్తుంది. దీనికి ఫ్రెంచి తత్వవేత్త పాల్ జానే 1877లో ఒక లెక్క చెప్పాడు. అయిదేళ్ళ పిల్లవాడికి ఒక ఏడాది అంటే జీవితంలో అయిదో వంతు, యాభై ఏళ్ళ వాడికి యాభయ్యో వంతు, అందుకే అంత చిన్నదిగా తోస్తుందని. వినడానికి ముచ్చటగా ఉంది గానీ నాకు ఈ లెక్క పూర్తిగా నచ్చదు. వంతులు లెక్కేసుకుంటూ ఎవరూ బతకరు. దీనికంటే నమ్మదగింది ఇంకోటుంది: వెనక్కి తిరిగి చూసినప్పుడు ఒక కాలం ఎంత పొడుగ్గా కనిపిస్తుందనేది అందులో ఎన్ని కొత్త సంగతులు గుర్తుండిపోయాయి అనేదాన్ని బట్టి ఉంటుంది. ఏడేళ్ళ పిల్లకు ఆ ఎండాకాలంలో ఈత కొత్త, అమ్మమ్మ ఊరి బస్సు కొత్త, తేలు కుట్టిన పక్కింటాయన అరుపు కొత్త. నలభై ఏళ్ళ మనిషికి అదే మే నెలలో కొత్తగా జరిగింది ఏసీ సర్వీసింగ్.

ఈ మాట నిజమేనని నాకు అనిపించడానికి ఒక కారణం విదేశాలకు వెళ్ళిన మనవాళ్ళు. న్యూజెర్సీలో మొదటి ఏడాది దిగిన వాళ్ళతో మాట్లాడి చూడండి. ముప్పై ఏళ్ళు దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఆకులు రంగు మారడం, మొదటి మంచు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడటం పిల్లాడిలా వర్ణిస్తాడు. ఆ ఏడాది అతనికి పొడుగ్గా ఉంటుంది. అయిదో ఏడాదికి మంచు అంటే కారు మీంచి గీకాల్సిన గోల. కాలం కాదు మారింది, కొత్తదనం అయిపోయింది. మెల్‌బోర్న్ వాళ్ళది ఇంకా తమాషా, బతుకమ్మ అక్కడ వసంతంలో వస్తుంది, ఉగాది ఆకు రాలే కాలంలో. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉన్న మారిషస్‌లోనూ అంతే, అది ఎండలు ముదిరే ముందు కాదు, తగ్గేటప్పుడు వస్తుంది.

ఒళ్ళు ఏమంటోంది

పెద్దయ్యాక ఎండ ఎక్కువ అనిపించడంలో కొంత మన గదుల పాత్ర ఉంది. 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇంద్రగంటి మాధవి అనే పరిశోధకురాలు ఎండాకాలం, వానాకాలం సర్వే చేశారు. అప్పటి భారతీయ ప్రమాణాల ప్రకారం మనిషికి హాయిగా ఉండేది 23 నుంచి 26 డిగ్రీల మధ్య. ఆమె సర్వేలో జనం హాయిగా ఉన్నామని చెప్పిన పరిధి దాదాపు 26 నుంచి 32.5 డిగ్రీల దాకా ఉంది. ఫ్యాను, కిటికీ, నూలు బట్టలు, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడం, ఇవి చేతిలో ఉంటే ఒళ్ళు సర్దుకుంటుంది. 22 డిగ్రీల ఆఫీసులో పొద్దంతా కూర్చుని బయట 41లోకి అడుగు పెట్టేవాడికి ఆ సర్దుబాటుకు సమయమే దొరకదు. అతనికి ఎండాకాలం అంటే పార్కింగ్ నుంచి లిఫ్ట్ దాకా ఉండే మూడు నిమిషాల శిక్ష.

అలాగని ఏసీని తిట్టి, కుండ నీళ్ళనూ వట్టివేళ్ళ తడికలనూ పొగిడి ఊరుకుంటే మోసం అవుతుంది. 2015 మే నెల వడగాలులకు రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యికి పైగా మనుషులు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువ మంది ఎండలో పని చేయక తప్పనివాళ్ళు, ముసలివాళ్ళు. "మా రోజుల్లో ఎండలో ఆడినా ఏం కాలేదు" అనే మాట, ఏం కాకుండా మిగిలిన వాళ్ళు చెప్పే మాట.

మరి వాతావరణం నిజంగా మారలేదా? మారింది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. మధ్య భారతంలో ఒక్క రోజులో 150 మిల్లీమీటర్లు దాటే వానలు 1950 నుంచి 2015 మధ్య 75 శాతం దాకా పెరిగాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జూలైలో ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ ఊరి పిల్లలు రేపు పెద్దయ్యాక వానాకాలం గురించి ముచ్చటగా చెప్పుకుంటారా అనేది అనుమానమే.

కానీ రికార్డు వేరు, జ్ఞాపకం వేరు. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, అది 1966 జూన్ 2 నాటిది. "అప్పట్లో ఇంత ఎండలు ఎక్కడివి" అనే తాతగారు ఆ రోజు కుర్రాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ ఏడు ఆయనకు గుర్తున్నది వేపచెట్టు కింద నులక మంచం, మామిడికాయ ముక్కకు అద్దుకున్న ఉప్పూ కారం. సగటు 0.7 పెరగడం ఏ ఒంటికీ విడిగా తెలియదు. తెలిసేది రాత్రి పూట చల్లబడని కాంక్రీటు గోడ, డాబా మీద పడుకోవడానికి వీల్లేని అపార్ట్‌మెంటు, కొట్టేసిన చింతచెట్టు. వీటిలో కొన్ని భూమి వేడెక్కడం వల్ల, చాలా మటుకు మన ఊళ్ళు మనం కట్టుకున్న తీరు వల్ల.

ఎవరు చేసి పెట్టారు

మన చిన్ననాటి ఎండాకాలం జ్ఞాపకాల్లో ఆవకాయ ఉంటుంది కదా. అందులో మన పాత్ర ఏమిటి? కొత్త ఆవకాయ కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి అమ్మ ముద్దలు పెడితే తిన్నాం. కాయలు తడిబట్టతో తుడిచి, మిరపకాయలు ఎండబెట్టి, మర పట్టించి, ముక్కలు కొట్టించి, నువ్వుల నూనె చాలక మళ్ళీ తెప్పించి, మూడో రోజు తిరగ కలిపింది వేరే చేతులు. వడియాలు డాబా మీద పెట్టింది తెల్లవారుజామున అయిదింటికి, ఎండ ముదరక ముందే. మనకు అప్పగించింది కాకులను తోలే ఉద్యోగం, అదీ సగం పిండి తినేస్తూ చేశాం. రోహిణి కార్తె ఎండలో కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషిని ఏ కాలం ఇష్టమని ఆ రోజుల్లో ఎవరైనా అడిగారా?

పొలం ఉన్న ఇళ్ళలో జ్యేష్ఠ పున్నమి ఏరువాక అంటే పిల్లలకు ఎద్దుల కొమ్ములకు రంగులు. అదే రోజు నాన్నకు విత్తనాల అప్పు, మబ్బు వైపు చూపు, టెన్షన్. కూలికి పోయే ఇంటి పిల్లలకు వానాకాలం అంటే కారే కప్పు కింద గిన్నెలు సర్దడం, పని దొరకని రోజులు. "ఉత్తర చూసి ఎత్తర గంప" వాళ్ళ ఇంటి సామెత. పాలమూరు నుంచి దూరం ఊళ్ళకు వలస వెళ్ళిన కుటుంబాల్లో పిల్లలకు కాలాలంటే ఏ ఊళ్ళో ఉన్నాం అనేదే. కాబట్టి చిన్ననాటి కాలాల తీపి అందరికీ సమానంగా పంచినది కాదు. దక్కిన వాళ్ళకు కూడా ఇంకొకరి చాకిరీ మీద దక్కింది.

ఇది తప్పు వెతకడానికి చెప్పడం లేదు. పెద్దయ్యాక కాలాలు ఎందుకు చప్పబడ్డాయో దీనివల్లే సరిగ్గా అర్థమవుతుందని నా అభిప్రాయం. మన కోసం కాలాన్ని తయారుచేసి వాకిట్లో పెట్టే మనుషులు ఇప్పుడు లేరు, ఉన్నా ఓపిక లేదు. ఆ స్థానంలోకి మనం వెళ్ళలేదు. ఆవకాయ సీసా ఆన్‌లైన్‌లో వచ్చింది, భోగి పిడకలు దండగా కట్టి ఆన్‌లైన్‌లో వచ్చాయి, తేగలు కట్ట కట్టి సిగ్నల్ దగ్గర అమ్ముతున్నారు. కొనుక్కోవడంలో తప్పేం లేదు. కానీ కొన్న వస్తువుకు ముందూ వెనకా రోజులుండవు. ఆవకాయకు ముందు మిరపకాయలు ఎండిన వారం, తర్వాత ఊట దిగిన మూడు రోజులు, అవి కలిస్తేనే అది ఒక కాలం. సీసా మూత తీస్తే అది పచ్చడి, అంతే.

అందుకే నలభైల్లో మళ్ళీ కాలాలను బాగా అనుభవిస్తున్న వాళ్ళను చూస్తే చాలామంది ఏదో ఒక పని పట్టుకున్న వాళ్ళే. మృగశిర నాడు పొద్దున్నే హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌లో తోసుకుంటూ నిలబడి, తిట్టుకుంటూనే ప్రతి ఏడూ వెళ్ళేవాళ్ళు. ఆషాఢంలో రుబ్బిన గోరింటాకు కోసం పక్క వీధి చెట్టు దాకా పోయేవాళ్ళు. మగవాళ్ళు ఇందులో ఇంకా వెనకబడి ఉన్నారు, జ్ఞాపకాలు చెప్పడంలో మాత్రం ముందుంటారు.

పిల్లలున్న ఇంట్లో మొదలుపెట్టాలంటే తేగల పాతర కంటే తేలికైన పని నాకు తెలియదు. తాటిపండ్లు భాద్రపదంలో పల్లెల నుంచి రైతు బజార్ల దాకా వస్తాయి. గుజ్జు తీసేశాక టెంకలను కడిగి, డాబా మీద లోతైన పెద్ద గ్రో బ్యాగ్‌లో ఇసుక కలిపిన వదులు మట్టి పోసి, పైవరసన పేర్చి పల్చగా కప్పాలి. తేగ కిందికి దిగుతుంది కాబట్టి అడుగుకు పైగా లోతు కావాలి, మట్టి గట్టిగా ఉంటే వంకర్లు పోతుంది. నీళ్ళు మరీ ఎక్కువ పోస్తే కుళ్ళుతాయి. పిల్లలు వారానికోసారి తవ్వి చూస్తామంటారు, చూడనివ్వొద్దు. ఒకటి రెండు టెంకలు వాళ్ళ తవ్వుడుకు పోతాయని ముందే లెక్కేసుకుని కాసిని ఎక్కువ పాతుకుంటే గొడవ ఉండదు.